అంట లేని ఒక్క మాట

జెబసెల్వి మా గుమ్మంలో నిలబడి మొట్టమొదట అన్న మాట ఇది: "అవ్వా, ఈ గృహమునకు సమాధానము కలుగును గాక."

నేను అరుగు మీద కూర్చుని ఎండు మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. కళ్లద్దాలు సర్దుకుని చూశాను. నీలం చుడీదారు, భుజాన సంచి, చేతిలో ఫోను. ఇరవై నాలుగేళ్లు ఉంటాయేమో. ముఖం చూస్తే తిరునెల్వేలి తమిళ పిల్ల. నోరు తెరిస్తే మాత్రం ఏ రాజుల కాలందో తెలియదు.

"సమాధానమా? నేనెవురితో జగడమాడితి కణ్ణు?" అన్నాను.

పాపం, ఆ పిల్ల బిక్కచచ్చిపోయింది. తర్వాత తెలిసింది, దానికి తెలుగు నేర్పిన మనిషే లేడట. మదురైలో పాదిరీల కాలేజీలో చదువుతూ, అక్కడి లైబ్రరీలో అట్టలూడిన పాత తెలుగు పుస్తకాలు ముందేసుకుని రెండేళ్లలో తనకు తానే నేర్చుకుందట. నేర్చుకున్నదాన్ని మనుషుల మీద వాడటం ఆ రోజే మొదలు. ఆ మొదటి మనిషిని నేనయ్యాను.

దాన్ని పంపింది మా మనవరాలు ఇందుజ. అదీ మదురైలోనే ఇంకో కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇద్దరిదీ ఒకే హాస్టలు. మా అవ్వ కథ మొదలుపెడితే బస్సు కూడా బ్రేకు వేసి వింటుందని గొప్పలు చెప్పి, మా ఊరి దారి చూపించిందట.

జెబసెల్వికి కావలసింది ఒక్కటే. వాళ్ల యేసు సామి చెప్పిన కథ ఒకటి, తరాల కిందట తమిళదేశం వచ్చి స్థిరపడ్డ మా ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో, నా నోటితో చెప్పించి ఫోనులో పట్టుకుపోవాలి. శనివారం వాళ్ల ప్రొఫెసరు విని సరే అంటే పట్టా చేతికొస్తుంది. కాదంటే ఇంకో ఏడాది చదవాలి. ఆ ఇంకో ఏడాది దాని చేతిలో లేదు. ఇంట్లో వాళ్ల నాన్న, ఈసారి అవకపోతే చదువు చాలించి ఇంటికి వచ్చెయ్యమని ముందే చెప్పేశాడు.

"మునుపు మా సంఘమువారు వచ్చి తామే బోధించిరి అవ్వా. ఇప్పుడు అటుల కాదు. ఏ జనులకు చెప్పు కథ ఆ జనుల నోటనే పలుకవలెనని మా ప్రొఫెసరు గారి సిద్ధాంతము" అంది.

మునుపటి సంగతి నాకు తెలియకపోతే కదా! నాకు ఏడేళ్లప్పుడు జీపు వేసుకుని ఒక తెల్ల దొరసాని వచ్చింది. మా పెదనాన్న వాళ్ల గోడకు దుప్పటి కట్టి బొమ్మలు చూపించి, అరగంట మాట్లాడింది. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ ఆమె టోపీ ఊరందరికీ నచ్చింది. పిల్లలకు తలా ఒక రంగుల కార్డు ఇచ్చింది. నాది నా ట్రంకుపెట్టె మూతకు లోపల అంటించుకున్నాను, ఆండాళమ్మ పటం పక్కన. ఇప్పటికీ ఉంది. అంచులు బొద్దింకలు కొరికేశాయి, గొర్రెపిల్ల మిగిలింది. ఆ తర్వాత పాలపొడి పంచినవాళ్లు వచ్చారు. ఆ తర్వాత వ్యానుకు లౌడుస్పీకరు కట్టుకుని వచ్చినవాళ్లు, పసిపిల్లల్ని నిద్ర లేపి పోయారు. అందరూ చెప్పేవాళ్లే. నువ్వు చెప్పవ్వా, నేను వింటానని వచ్చింది ఈ పిల్ల ఒక్కటే.

మా కోడలు శ్రీమతి కాఫీ తెచ్చి, నా చెవి దగ్గర వంగింది. "అత్తా, చూసుకోండి. మతం మార్చేదానికి వొచ్చిందేమో."

"ముప్పై ఏండ్లుగా కాఫీలో చక్కెర తగ్గించుకోండి అంటావుండావు. నేను మారితినా? నీకు కానిది ఈ పాపకవుతుందా? పో, దానికి కూడా ఒగ కాఫీ తే."

కాఫీ అయ్యాక జెబసెల్వి కథ చెప్పింది. దాని పుస్తకాల తెలుగులో సగం నాకు రామాయణం హరికథలా వినబడింది గానీ, కథ పట్టుబడింది. ఒక తండ్రి, ఇద్దరు కొడుకులు. చిన్నవాడు తండ్రి బతికుండగానే నా పాలు నాకియ్యమని తీసుకుని పరదేశం పోయి, అంతా తగలేసి, తిండికి లేక పందులు కాసి, చివరికి ఇంటి ముఖం పట్టాడు. తండ్రి వాణ్ని దూరం నుంచే చూసి, పరిగెత్తి కౌగిలించుకున్నాడు.

"ఆయన పరిగెత్తినాడా? ఇంటి పెద్దాయన?" అని అడిగాను.

"పరుగెత్తెను అవ్వా."

నేను రెండు మిరపకాయలు తీసుకుని తొడిమలు తీశాను.

"అంతట బాగుగా బలిసిన దూడను కోసి విందు చేసిరి" అంది.

"ఏమిటినీ?"

"దూడను."

"అయ్యో రామా! దూడనా? కోడి అని పెట్టుకోవే. మా ఇండ్లల్లో బిడ్డ వొస్తే కోడే కోస్తారు."

"దూడ అనియే వ్రాయబడియున్నది అవ్వా. మార్చుటకు నాకు అధికారము లేదు."

దాని ముఖం చూస్తే జాలేసింది. "సరి. వాళ్లు కోసినారంట అని చెప్తాను. వాళ్లు కోసినారంట. మేం కాదు. చాలునా?"

"చాలును" అని సంతోషపడిపోయింది. ఆ 'అంట'లో ఏం ఉందో ఆ పూట దానికీ తెలియదు, నాకూ తెలియదు.

చెప్పాను. ఒకసారి మధ్యలో కుక్కరు కూసింది. ఇంకోసారి పాలబండి హారను. మూడోసారి తిన్నగా వచ్చింది. ఫోను గుండెలకు హత్తుకుని నాలుగు గంటల బస్సుకు పోయింది.

సోమవారం ఉదయం మళ్లీ వచ్చింది. ఈసారి సమాధానం కలగలేదు, కళ్లు వాచి ఉన్నాయి. వెనకే ఒక పెద్దాయన. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. వాళ్ల ప్రొఫెసరు జ్ఞానదురై ఆయనే. ఆయనకు తెలుగు వింటే తెలుస్తుంది గానీ పలకడం రాదు. మాటలు తమిళంలోనే సాగాయి, నేను మన మాటల్లో రాస్తున్నాను. జెబసెల్వి మాత్రం నాతో పట్టుబట్టి తెలుగే.

"అమ్మా, మీరు కథ చాలా బాగా చెప్పారు" అన్నాడాయన కుర్చీలో కూర్చుంటూ. "కానీ మాట మాటకీ అంట, అంట. ఒక తండ్రి ఉన్నాడంట, ఇద్దరు కొడుకులంట, వెళ్లిపోయాడంట. నేను లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. పక్కింటి కబురు చెప్పినట్టుంది. మీకే నమ్మకం లేనట్టుంది."

"నేను ఆడ ఉండలేదు కదా సారు" అన్నాను.

"ఉండకపోయినా..."

"ఉండకుండా ఉన్నట్టు ఎట్ల చెప్పేది? మా మామగారు చేను తగాదాలో మదురై కోర్టుకు సాక్షికి పోయినారు. గట్టు జరిపినారంట అన్నారు. జడ్జి ఒక్కటే అదిలింపు. చూసింది చెప్పు, విన్నది నాకొద్దు అన్నాడంట. అప్పటి నుంచి మా ఇంట్లో చూసింది వేరే, విన్నది వేరే."

ప్రొఫెసరు ముందుకు వంగాడు. "సరిగ్గా అదే అమ్మా నేను చెప్పేది! మా పని సాక్ష్యం చెప్పడం. సాక్షి అంట అనకూడదు."

"మీరు సాక్షి. మీరు అనొద్దు. నేను కథ చెప్పేదాన్ని. పైగా ఆ అంట ఉండబట్టే దూడను కొయ్యనిచ్చినాను. అది తీసేస్తే ఆ పాపం నా నెత్తికి వొస్తుంది."

వాకిట్లో నిలబడి వింటున్న శ్రీమతి కొంగుతో నోరు మూసుకుంది.

జెబసెల్వి నా కాళ్ల దగ్గర చాప మీద కూర్చుంది. "అవ్వా, ఆ అంటలను తీసివేసి ఒక్కసారి పలుకుడి. నన్ను ఇంటికి పంపివేయుదురు" అంది.

నాకు మాత్రం పంతమా? దాని కళ్లు చూశాక ఎవరికి పంతం ఉంటుంది? సరేనని గొంతు సవరించుకున్నాను. ప్రొఫెసరు ఫోను ముందుకు పెట్టాడు.

"ఒగ నైనకు ఇద్దరు కొడుకులు ఉండిరి..." అన్నాను. ఆగాను. నాలుక అక్కడే నిలబడి దేనికో ఎదురు చూస్తోంది. "...అంట."

శ్రీమతి పకాలున నవ్వింది. మళ్లీ మొదలుపెట్టాను. చిన్నోడు పరదేశం పోయినాడు... అంట. నాలుగోసారి పళ్లు బిగించి ఇంకాస్త దూరం పోయాను గానీ, దూడ దగ్గరికి వచ్చేసరికి అంట రెండుసార్లు వచ్చింది. ప్రొఫెసరు ఫోను ఆపేశాడు.

"పోనీ, పాతదే ఇంకోసారి విందాం. ఎక్కడైనా ఒక ముక్క పనికొస్తుందేమో" అన్నాడు. ఆయన గొంతులో ఆశ లేదు. జెబసెల్వి తల వంచుకునే ఫోను నొక్కింది.

నా గొంతు నాకే వింతగా ఉంది. ఉన్నాడంట, అడిగినాడంట, పోయినాడంట, పందులు కాసినాడంట. ఇంటి దారి పట్టినాడంట. ప్రొఫెసరు ఉన్నట్టుండి చెయ్యి ఎత్తాడు.

"ఆపు. వెనక్కి పో."

మళ్లీ వినిపించింది. "నైన దూరం నుంచే వాన్ని చూసినాడు. పంచె ఎగ్గట్టి, చేనుకు అడ్డం పడి, ఒగ చెప్పు ఆ నల్లమట్టిలోనే వొదిలేసి పరిగెత్తినాడు."

"ఇక్కడ అంట లేదు" అన్నాడాయన. "మొత్తం కథలో ఇక్కడ ఒక్కచోటే లేదు. పైగా ఈ పంచె, ఈ చెప్పు, ఈ నల్లమట్టి మా కథలో ఎక్కడా లేవే! ఎక్కడివమ్మా?"

జెబసెల్వి ముఖం పాలిపోయింది. అంటలు ఉన్నవి చాలక కొత్త సరుకు కూడా కలిపానాయె. నిజం చెబుతున్నాను, ఆ మాటలు అలా అన్నట్టు నాకే తెలియదు.

"అది నేను చూసినాను సారు" అన్నాను.

చెప్పక తప్పలేదు. మా తమ్ముడు లక్ష్మణ పదహారేళ్లకు నైన ప్రాణంగా పెంచుకున్న జత ఎద్దుల్లో ఒకదాన్ని సంతలో అమ్మేసి కోయంబత్తూరు పారిపోయాడు. గాంధీపురంలో ఒక లాడ్జిలో ఎంగిలి గ్లాసులు కడిగాడు, రెండేళ్లు. ఇక్కడ మిగిలిన ఎద్దు జత లేక రంకెలు వేసేది. నైన వాడి పేరు ఎత్తనిచ్చేవాడు కాదు. నేను తొలి కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. మిద్దె మీద వడియాలు పెడుతుంటే, బస్సు దిగి గట్టెంట ఎవడో వస్తున్నాడు. నేను ఇంకా పోల్చుకోనే లేదు, కింద చేలో ఉన్న నైన కదిలాడు. మా నైన నడకంటే ఊళ్లో నవ్వులాట. పెళ్లికి బయలుదేరితే భోజనాలకు చేరతాడనేవాళ్లు. అంత నిదానం, అంత దర్జా. ఆ మనిషి పంచె ఎగ్గట్టి, పత్తి మొక్కలు తొక్కుకుంటూ పరిగెత్తాడు.

"చూసిందానికి అంట ఎట్ల పెట్టేది? అబద్ధం కాదా?" అన్నాను.

ప్రొఫెసరు జేబులోంచి ఒక పెన్ను తీశాడు, మూత పెట్టాడు, తీశాడు. తర్వాత జెబసెల్వి వైపు తిరిగాడు.

"ముప్పై ఒక్క అంటలూ అలాగే ఉండనీ. అవి తీసేస్తే ఈ ఒక్క మాట ఎవరికీ వినబడదు."

జెబసెల్వికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. "అప్పుడు నేను పాసా సార్?"

"పాసే. కానీ ఆ చెప్పు మాత్రం తీసెయ్యాలి. అది మన కథలో లేదు."

"మా నైనే తీసేసి పోయినాడు కదా సారు, మీరింకేం తీస్తారు?" అన్నాను.

ఆయన నవ్వేశాడు. నవ్వి, పోనీ కింద ఒక గమనిక రాస్తానన్నాడు. జెబసెల్వి లేచి నా మెడ చుట్టూ చేతులు వేసింది. "అవ్వా, రొంబ థాంక్స్ అవ్వా! మీరు లేకుంటే నా కథ కంచికే!"

"ఇట్ల మాట్లాడొచ్చు కదే మొదట్నుంచీ! ఎంత బాగుండాది" అన్నాను. ఆ పూట శ్రీమతి కోడి కోయించింది. దూడ మాట ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం ఆ పిల్ల పోయేముందు నా ఫోనులోకి ఆ కథ ఎక్కించి, లక్ష్మణకు కూడా పంపింది. వాడు ఇప్పుడు పొల్లాచ్చిలో కూతురి కొబ్బరితోటలో, భార్య గోమతితో ఉంటున్నాడు. డెబ్బై ఆరేళ్లు. మర్నాడు నేను పళ్లు తోముకుంటుండగానే ఫోను చేశాడు.

"అక్కా" అన్నాడు.

"ఏమిరా, కథ బాగుండాదా?"

"అక్కా, నైన పరిగెత్తినాడా?"

"అదేమి అడుగు? నీకెదురుగానే కదరా వొచ్చింది. నువ్వు చూడలేదా?"

"తల ఎత్తితే కదక్కా. నేల చూసుకుంటా వొస్తి. ఇంట్లోకి రానియ్యడు, గొడ్డును కొట్టినట్టు కొడతాడు అనుకుంటా వొస్తి. తల ఎత్తేసరికి నా మీద పడి ఉండాడు. ఒగ కాలికి చెప్పు లేదు. అది చూసినాను. ఇంకోటి యాడ పోయిందా అని ఇన్నేండ్లూ అనుకుంటానే ఉండాను. అడిగేదానికి ధైర్యం చాలలేదు."

నేను పళ్లపొడి చేత్తోనే అరుగు మీద కూర్చుండిపోయాను. అరవై ఏళ్లకు దగ్గరపడింది. వాడికి తెలుసనే అనుకున్నాను. వాడికోసం జరిగినదాన్ని వాడు చూడలేదు, నేను చూశాను.

ఇంతలో అటు పక్క వాడి కేక, చెవి పగిలిపోయేలా: "గోమతీ! ఏయ్ గోమతీ! విన్నావా? మా నైన పరిగెత్తినాడంట!"

"అంట ఏందిరా! నేను నా కండ్లతో చూస్తి!" అని నేనూ అరిచాను.

వాడు వింటేనా. ఆ రోజంతా కొబ్బరికాయలు దింపేవాళ్లనూ, పాలు పోసేవాణ్నీ, కరెంటు మీటరు చూడటానికి వచ్చినవాణ్నీ నిలబెట్టి, పరిగెత్తినాడంట, చెప్పు కూడా వదిలేసినాడంట అని చెబుతూనే ఉన్నాడట.

గోమతి చెప్పింది. నేను చూడలేదు.