అద్దం అవతలి చెవి

అచ్చులు పోసే మేస్త్రికి తన చేతుల మీద పొగరు. ఎన్నో ఇళ్ళ కప్పులకు సున్నపు పువ్వులూ తీగలూ పోతపోసిన చేతులవి. కానీ పెళ్ళానికి మిషను బెల్టులో చిక్కి తెగిపోయిన ఎడమ చెవి దగ్గర మాత్రం ఆయన పప్పులు ఉడకలేదు. మిగిలిన కుడి చెవికి అచ్చు తీసి ఎడమ పక్కన ఆనిస్తే, అది వెనక్కి తిరిగి కూచుంది. తలకిందులు చేస్తే తమ్మె పైకొచ్చింది. ఎటు తిప్పినా కుడి చెవి కుడి చెవే. పోనీ చూసి చెక్కుదామంటే ప్రతిసారీ ఎవరో పరాయి మనిషి చెవి వచ్చేది.

"ఇదే ఆఖరు. ఈసారీ కుదరకపోతే చెవి మాట ఎత్తకండి. మీ సణుగుడు వినడానికి ఒక్కటి చాల్లెండి" అంది ఆవిడ.

ఆ ఆఖరుసారి మేనకోడలి ఆఫీసులో. ఆ పిల్ల యంత్ర భాగాలకు కంప్యూటర్లో బొమ్మలు గీస్తుంది. ఆకారాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే టార్చిలైటులాంటి దాన్ని అత్త తల చుట్టూ తిప్పింది. తెర మీద బూడిదరంగు తల లేచింది.

"చేతికి లొంగనిది నీ మౌస్‌కి లొంగుతుందటే?" అన్నాడు మేస్త్రి పుల్లగా.

"కాసేపు నోరు కట్టేసుకో మామయ్యా."

కుడి చెవి మడతలన్నీ సన్నటి వంపుగీతలయ్యాయి. ఆ పిల్ల తెర మీది తలకు ముక్కు నడిమిగా నిలువునా గాజుపలక లాంటిది నిలబెట్టి, మీట నొక్కింది. పలకకు అవతల ఇంకో చెవి నిలిచింది. ప్రతి మడతా అదే, కానీ ఎడమది! మేస్త్రి ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ ఈ లోకంలో ఏ వైపు తిప్పినా తిరగని వస్తువు, ఏ దారిన పోయి తిరిగొచ్చింది?

కానీ అది తలకు అంటలేదు. వెంట్రుకవాసి ఎడంగా గాల్లో వేలాడుతోంది.

"చూశావా! నాకు తెలుసు" అన్నాడు. గొంతులో గెలుపు లేదు.

"ఎవరి మొహమైనా రెండు పక్కలా ఒకేలా ఉంటుందా ఏంటి? అత్తయ్యా, నీ చెవి ఎక్కడుండేదో నువ్వే చెప్పు."

చెవి పోయిన పక్కను ఇన్నాళ్ళూ అద్దంలో కూడా చూసుకోని ఆవిడ తెర దగ్గరికి కుర్చీ జరుపుకుంది. "దగ్గరికి... కిందికి ఇంకాస్త. ఇప్పుడు వెనక్కి వాల్చవే."

"ఎంత?"

"ఆపమన్నప్పుడు ఆపు."

చెవి మొత్తంగా, ఒక్క మడతా చెదరకుండా, గాల్లో జరిగింది, వాలింది. మేస్త్రి తెర మీదికి వంగాడు. సున్నం ముద్దలో ఒక అంచు జరిపితే మిగతాదంతా పాడయ్యేది.

"ఆగు!"

ఆవిడ ఎడమ కణత మీద వేళ్ళు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"నాదేనండీ" అంది మొగుడివైపు తిరిగి. "దీనికి అచ్చు ఈ పిల్ల తీసిస్తే, మెత్తటి రబ్బరులో పోసిపెడతారా?"

ఏదో వెటకారం నాలిక చివరిదాకా వచ్చి, అక్కడే కరిగిపోయింది. మేస్త్రి తలూపాడు.