పదకొండణాల బీరు

దానమ్మ నాలిక మీద పడని ఎండుచేపకు రాజాం సంతలో ధర పలకదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, వెళ్లి ఎవరినడిగినా చెబుతారు. నెత్తళ్లు కానీ, కవళ్లు కానీ, చిటికెడు తుంచి నాలిక కొసన పెట్టుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది, "పన్నెండణాలు" అంటుంది. అంటే పదహారుకు పన్నెండు. అణాలు పోయి అరవయ్యేళ్లు దాటినా ఆమె లెక్క మారలేదు, మార్చమని వర్తకులూ అడగలేదు.

అలాంటి దానమ్మ ఆర్నెల్లుగా అబద్ధమాడుతోంది.

తిత్లీ తుఫాను పోయిన నెలకు ఆమెను మాయదారి జ్వరం పట్టుకుంది. కబురు తెలిసి మేనల్లుడు భాస్కర్ బెంగుళూరు నుంచి రెక్కలు కట్టుకుని వాలాడు. ఆమె లేచి తిరిగేదాకా ఆసుపత్రిలో పక్కనే ఉండి గంజి తాగించాడు. జ్వరం పోయింది, పోతూ పోతూ రుచిని పట్టుకుపోయింది. ఉప్పు లేదు, పులుపు లేదు, నోట్లో ఏం వేసుకున్నా తడిసిన గోనెపట్టానే. సంతలో చేపను విరిచి, ఆ చప్పుడును బట్టి పదనీ పన్నెండనీ అనేస్తోంది. ఇంతవరకూ దొరకలేదు. దొరికిననాడు కూర్చునే చోటు పోతుంది, పోతే పోయింది. "నాలిక దానమ్మ" అన్న పేరు కూడా పోతే తనలో ఇంకేం మిగులుతుందో ఆమెకు తోచదు. మొగుడు లక్ష్ముడికి కూడా చెప్పుకోలేదు. ఆ మహానుభావుడి నోట్లో నువ్వుగింజ నానదు మరి.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం భాస్కర్ మళ్లీ వచ్చాడు, తడి తువ్వాల్లో చుట్టిన సీసాతో.

ఎచ్చెర్లకు దిగువనున్న ఆ పేటలో ఆ వేళకు సముద్రం కూడా కునుకు తీస్తుంది. ఇసుక మీద గాలి ఆడదు. దూరాన తెప్పలు నీళ్ల మీద ఉన్నాయో ఆకాశంలో ఉన్నాయో చెప్పలేం. తాటాకు పాక నీడలో లక్ష్ముడు వల బాగుచేస్తూ సగం నిద్రలో ఉన్నాడు. సీసా మూత తీసిన చప్పుడుకు ఆ సగం నిద్రా ఎగిరిపోయింది.

"ఏట్రా అది? మందేనా?"

"బీరు మావా. నానే కాసినాను."

"బీరంటే పచ్చగా ఉంటాది గదా! ఇదేటి, దీపం మసిలాగున్నాది!"

"ఇది కర్రపీపాలో ఊరినాది. ఓకు కర్ర, సలి దేశాల మాను. ఇంగిలీసు సీమలో విస్కీ పోసి ఉంచిన పీపా, ఖాళీ అయినాక కొన్నారు. మామూలు బీరుకి రెండింతల ఘాటు."

భాస్కర్ స్టీలు గ్లాసులో మూడు గుక్కలు పోసి అత్త ముందు పెట్టాడు. "మా బీరు కంపెనీ ఓనరు ఒక్క పీపా నా సేతికిచ్చి, నీ ఇష్టమన్నాడత్తా. తాగినోళ్లు ఫోన్లో అయిదుకిన్నని సుక్కలేస్తన్నారు. ఒకడు అయిదేసినాడు, ఇంకొకడు రెండేసినాడు. ఎవడి మాట నమ్మాల? నువ్వు సెప్పు. ఎన్నణాలు?"

దానమ్మ గ్లాసులోకి చూసింది. చేపనైతే విరిచి చూడొచ్చు. నీళ్లను ఏం విరుస్తుంది?

పండక్కి ముంత కల్లు పుచ్చుకోవడం ఆమెకు కొత్తేమీ కాదు. గ్లాసెత్తి ఒక గుక్క నోట్లో పోసుకుంది. చల్లగా తగిలింది, గొంతు మండింది. అంతే. "అయిపోయిందే నీ పని" అనుకుంది. కళ్లలో నీళ్లు తిరిగితే, ఘాటుకేనని భాస్కర్ నవ్వాడు.

"తొందరపడకత్తా. సల్లదనం పోనీ. అప్పుడు మాటాడతాది."

ఆమె గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. ఎంతసేపో తెలియదు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. గ్లాసు కోడిపిల్లలా వెచ్చబడింది. రెండో గుక్క నోట్లోకి తీసుకుని మింగకుండా ఉంచింది.

మొదట ఏమీ లేదు. తర్వాత నాలిక వెనక ఎక్కడో, గోడ అవతల ఎవరో మాట్లాడినట్టు, చేదు. చేదే! దానమ్మ ఊపిరి బిగబట్టింది. చేదు వెనకే తీపి వచ్చింది, పెనం అడుగున మాడిన బెల్లం తీపి. దాని వెనక పొగ. ఆ పొగలో ఆమె ఎప్పుడూ చూడని అడవి ఒకటి కదిలింది. మంచు పడే దేశం, లావుపాటి మానులు, ఆకుల కింద తడి. ఆ మానుల మధ్య చిన్నప్పటి దానమ్మ ఉత్తికాళ్లతో నడుస్తోంది, నడిచిన కొద్దీ పాదాల కింద ఇసుక తగులుతోంది, ఎక్కడో సముద్రం కూడా వినిపిస్తోంది. ఓలమ్మో, ఎన్నాళ్లకు! పోయిందనుకున్న ప్రాణం ఇంటికి నడిచొస్తున్నట్టుంది. చెంపల మీద కారుతున్నది తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

"ఓసి, ఏటైనాదే?" అన్నాడు లక్ష్ముడు కంగారుగా.

ఆమె చెయ్యెత్తి ఆగమంది. మూడో గుక్క. ఈసారి అడవి మరీ దగ్గరికొచ్చింది. మానులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ముందుకొచ్చాయి. చేదు తప్పుకుంది, బెల్లం తప్పుకుంది, ఆఖరికి నోటినిండా కర్రే. చిగుళ్లు పట్టేసే వగరు. దానమ్మకు తెలిసిపోయింది. తెలిసినందుకు ఎంత సంతోషమేసిందో, తెలిసిన సంగతికి అంత దిగులేసింది.

"అంత దూరం నుంచి మోసుకొచ్చినాడు గుంటడు. పదిహేను సెప్పెయ్యే, నీ సొమ్మేటి పోనాది?" అన్నాడు లక్ష్ముడు.

చెప్పెయ్యాలనే ఉంది. పదిహేనేమిటి, పదహారూ చెప్పాలని ఉంది. పోయిన నాలికను తెచ్చిచ్చిన బీరుకు ఎన్నిచ్చినా తక్కువే. కానీ తిరిగొచ్చిన నాలికతో మొదటి మాటే అబద్ధమాడితే, అది రావడమెందుకు?

"పదకొండు," అంది.

భాస్కర్ మొహం వాడిపోయింది. లక్ష్ముడు వల వైపు తిరిగిపోయాడు.

"సరుకు మంచిదేరా. బాగా కాసినావు. కానీ పీపాలో ఎక్కువ ఉంచీసినావు. కర్ర నీ బీరుని తినీసినాది. ఒక నెల, నెల మీద పది దినాలు ముందు తియ్యాల్సింది."

భాస్కర్ ఇసుకలో వేలితో గీతలు గీసి లెక్కపెట్టాడు. "నలభై దినాలత్తా," అన్నాడు. "కార్తీకంలో తియ్యాల. అప్పుడు నాను అక్కడ లేను."

"నువ్వు లేకపోతే మరెవులూ లేరేటి తియ్యడానికి?"

"ఉన్నారు. ఫోను సేసినారు, తీసీమంటావా అని. నాలిక మీద పడందే సరుకు మీద మాట సెప్పకూడదని సిన్నప్పుడు నువ్వేగదా నేర్పినావు. నానొచ్చి రుచి సూసినదాకా ముట్టొద్దన్నాను."

కార్తీకం. దానమ్మకు ఆసుపత్రి కిటికీ గుర్తొచ్చింది. గంజి గిన్నె పట్టుకుని, "ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క" అని బతిమాలిన మేనల్లుడి గడ్డం మాసిన మొహం గుర్తొచ్చింది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. చెయ్యి చాచి వాడి తలను ఒళ్లోకి లాక్కుంది.

"పదకొండేరా. ఎవులడిగినా పదకొండే సెప్తాను," అంది. "ఆ తగ్గిన అయిదణాలూ నా మంచం కాడ కూకున్నాయిరా, నాయినా."