నా భయం వాళ్ల నెత్తిన

బెళుగుప్ప దగ్గర ఒక ఊళ్లో నేను అంగన్‌వాడీ టీచర్ని. నెలకొకసారి పిల్లలను తూచి రాసుకోవడం నా పని. బరువు తగ్గిన బిడ్డను చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఇట్లాగే ఉంటే బిడ్డ దక్కదని తల్లికి అక్కడే చెప్పేసేదాన్ని. అట్లా చెబితేనే జాగ్రత్తపడతారని అప్పట్లో నా నమ్మకం.

2002 జూన్. మల్లీశ్వరి తన పదినెలల పాపను రెండు నెలలుగా తూకానికి తేలేదు. ఇంటికి పోతే, పాప అవ్వ దగ్గరుందని గడపలోనే చెప్పి పంపేసింది. పాపకు ఏదో అయిపోయిందని నాకు అన్నం సయించలేదు.

ఆ వారమే మా సూపర్‌వైజరు కృపాకుమారి వచ్చి నా వెంట నాలుగిళ్లు తిరిగింది. తల్లులకు నేను చెప్పేదంతా పక్కన నిలబడి వినింది. సెంటరుకు వచ్చాక అడిగింది.

"నువ్వు గడప దిగుతానే ఆ రెండో ఇంటి మారెక్క ఉప్పు తీసి బిడ్డకు దిష్టి తీసింది. చూసినావా?"

చూడలేదన్నాను.

"నువ్వు చెప్పేది నిజమే అంజనమ్మా. కానీ నీ భయం తీసకపోయి వాళ్ల నెత్తిన పెట్టి వస్తాండావు. వాళ్లు దాన్ని యాడ దించుకోవాల?"

నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయి, మేడం ఇట్లా అనిందని నా కూతురు హేమావతికి చెప్పుకున్నాను. అది నవ్వలేదు. పోయినేడు పరీక్షలప్పుడు మూడు రోజులు జ్వరంతోనే రాసిందట.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నిన్ను సముదాయించేది మళ్లా నేనే గదమ్మా."

మరుసటిరోజు పొద్దున్నే మల్లీశ్వరి ఇంటికి తక్కెడ లేకుండా పోయాను. విత్తనానికి వేరుశనక్కాయలు వొలుస్తోంది. నేనూ కూర్చుని వొలిచాను. పాప ఏం తింటోందని ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. ఊరుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. చేటలో గింజలు సగానికి వచ్చాక మల్లీశ్వరి లేచి, లోపలి గదిలోంచి పాపను ఎత్తుకొచ్చింది. ఐదు రోజులుగా విరేచనాలట. కళ్లు లోతుకు పోయాయి.

"బతుకుతాదా అక్కా?"

పాత మాట నాలుక చివరికి వచ్చింది. మింగేశాను.

"అది డాక్టరు చెప్తాడు. పదకొండు బస్సుకు పోదాం, నేనూ వస్తా. అందాక ఈ నీళ్లు తాపు."

ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు ఆమె చేతికే ఇచ్చాను. ఇదివరకైతే చెంచా లాక్కుని నేనే పట్టేదాన్ని. బస్సులో దారి పొడుగునా ఆమే తాపింది. నా గుండె దడ తగ్గలేదు. అది నాతోనే ఉంచుకున్నాను.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే, ఎప్పుడు మొదలైందీ, రోజుకు ఎన్నిసార్లయిందీ, నాటు మందు ఏం పోసిందీ మల్లీశ్వరి ఒక్కటీ దాచకుండా చెప్పింది. మధ్యలో రెండుసార్లు నోరు తెరవబోయి మూసుకున్నాను. వేళకే తెచ్చినారు, మూడు రోజులు ఉంచండి అన్నాడాయన. మల్లీశ్వరి పాపను మంచం మీద పడుకోబెట్టి, చెంచా ఎక్కడ కడగాలని నర్సును అడగడానికి పోయింది.