ఫకీరప్ప పక్కన కుర్చీ

ఫకీరప్ప కొణ్ణూర గురించి బెంగళూరు సినిమావాళ్ళలో ఒక హాస్యం చాలాకాలం చెల్లుబాటైంది. ఆయనకు వేషం ఇస్తే రెండు కుర్చీలు వేయించాలని. ఒకటి ఆయనకు, రెండోది ఆయన భార్య నీలవ్వకు. నలభై ఆరేళ్ళలో నూట ఎనభై సినిమాలు చేశాడు. కథానాయకుడి తండ్రి, గుడి పూజారి, కుదిరిన పెళ్ళి చెడగొట్టే మేనమామ, అన్నీ అలాంటి వేషాలే. ప్రతి షూటింగుకూ ఆవిడ చేతిసంచీ పట్టుకుని వచ్చి కెమెరాకు కనబడకుండా ఆయన పక్కన కూర్చునేది. పెళ్ళాం మొహం చూడనిదే ముసలాయనకు మాట పెగలదని కుర్రవాళ్ళు నవ్వుకునేవారు. కొంగు పట్టుకుని తిరిగే మగాడని కొందరు ఎదుటే అనేవారు. ఆయన మీసం దువ్వుకుని ఊరుకునేవాడు.

అసలు సంగతి వేరు. ఫకీరప్పకు అక్షరం ముక్క రాదు.

గదగ్ దగ్గర పల్లెలో గొర్రెలు కాస్తూ పెరిగి, పదహారో ఏట మైలారేశ్వర నాటక కంపెనీలో చేరాడు. అక్కడ సగం మందికి చదువు లేదు కాబట్టి అదొక లోటని ఎవరూ అనుకోలేదు. పొద్దున్నే డేరాలో మేనేజరు చాప మీద కూర్చుని నాటకం గట్టిగా చదివేవాడు, నటులు విని పట్టుకునేవారు. ఫకీరప్ప ఒక్కసారి వింటే చాలు, తన మాటలే కాదు, ఎదుటివాళ్ళవి కూడా వచ్చేసేవి. మేనేజరు చదువుతూ మధ్యలో దగ్గితే ఫకీరప్ప కూడా సరిగ్గా అక్కడే దగ్గేవాడు. తోటివాళ్ళు ఏడిపించేవారు. ఏడిపించినా అది పోలేదు. విన్నది విన్నట్టు దిగడమే తప్ప, అందులో తాలు ఏరి పారేయడం ఆ చెవికి చేతకాలేదు.

బనశంకరి జాతరలో కంపెనీ మకాం వేసిన ఏడాది కొత్త నాటకం ఒకటి పడింది. యజమాని ఎవరి భాగం వాళ్ళకు కాగితాల మీద రాయించి పంచిపెట్టి పనిమీద హుబ్బళ్ళి వెళ్ళాడు. మేనేజరు జ్వరంతో ముసుగుతన్నాడు. ఫకీరప్ప తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, రెండు రోజులు జాతరలో ఊరికే తిరిగాడు. ఏడో తరగతి దాకా చదివి ఆ ఏడే కంపెనీలో చేరిన నీలవ్వ సంగతి కనిపెట్టింది. ఎవరితోనూ అనలేదు. మిరపకాయ బజ్జీల పొట్లం పట్టుకొచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"నా భాగం నేర్చుకోవాల మాస్తరూ. ఎదుటివాళ్ళ మాటలు లేకుంటే నాకు రాదు. మీది గూడా నేనే చదువుకుంటా, మీరేమనుకోవద్దండి" అంది.

ఇద్దరి కాగితాలూ కలిపి మొదటినుంచి చివరిదాకా చదివింది. ఫకీరప్ప బజ్జీ తినడం మరిచిపోయాడు. మర్నాటికి ఆయనకు రెండు భాగాలూ వచ్చేశాయి, మనసు మాత్రం ఆ పిల్ల దగ్గర ఉండిపోయింది. ఉగాది వెళ్ళిన మూడో రోజున పెళ్ళి.

తర్వాత సినిమాలు పిలిచాయి. హనుమంతనగర్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నారు. పొద్దున జొన్నరొట్టె తిన్నాక ఆవిడ కాగితాలు విప్పేది, ఆయన ఒళ్ళో చేట పెట్టుకుని వేరుశెనగలు ఒలుస్తూ కళ్ళు మూసుకునేవాడు. షూటింగులో అప్పటికప్పుడు మాటలు మారిస్తే పక్క కుర్చీలోంచి ఆవిడే చెవిలో చదివేది. ఎక్కడ ఆగాలో కొణ్ణూరకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పత్రికలు రాశాయి. ఆయన ఆగింది నీలవ్వ ఊపిరి తీసుకున్న చోట. ఆ రాసిన ముక్క కూడా ఆవిడే చదివి వినిపించి, గొప్పే మాస్తరూ అని మూతి తిప్పింది. సంతకం అడిగినవాళ్ళకు పేరులోని నాలుగక్షరాలూ ముగ్గు వేసినట్టు వేసి ఇచ్చేవాడు. ఒక సన్మానసభలో మీరేం చదువుతుంటారని ఎవరో అడిగితే, మా ఇంట్లో చదివేది ఆమె అన్నాడు. సభంతా నవ్వింది. నిజం చెప్పి చప్పట్లు కొట్టించుకున్న అదృష్టవంతుడు మరి.

పోయిన శ్రావణంలో నీలవ్వకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత స్వాధీనంలోకి వచ్చింది గానీ కుడిచెయ్యి రాలేదు, మాట ముద్దయిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి పక్కింటావిడ చూడ్డానికి వచ్చింది. నీలవ్వ ఆమెను కూర్చోమనబోయింది. వచ్చిన శబ్దం విని ఆమె వెంట ఉన్న చిన్న మనవరాలు కిసుక్కున నవ్వింది. పసిపిల్ల, దానికేం తెలుసు. కానీ ఆ రోజుతో నీలవ్వ నోరు మూసుకుంది. రోజూ అరగంట గట్టిగా చదివించండి, మాట తిరిగొస్తుంది, వదిలేస్తే మాత్రం ఇట్లాగే ఉండిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. పుస్తకం ఇస్తే ఆవిడ ఎడమచేత్తో తోసేసింది. బడిలో, డేరాలో, ఇంట్లో గంటలా మోగిన గొంతు అది. దాన్ని ఇప్పుడిలా వినిపించడానికి ఆవిడ ఒప్పుకోలేదు.

ఎనిమిది నెలలు ఫకీరప్ప వేషాలు ఒప్పుకోలేదు. అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పి అన్నాడు. వేషాలు పోయినందుకు ఆయనకు బెంగ లేదు. ఇంట్లో ఆ గొంతు లేకపోవడం తట్టుకోలేకపోయాడు. పొద్దున చేట ముందేసుకుని కూర్చుంటే వేరుశెనగలు చిట్లే చప్పుడు ఒక్కటే వినబడేది. ఒక్కోనాడు లేచి పెరట్లోకి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చేవాడు.

అప్పుడు నందీశ్ వచ్చాడు. కొత్త దర్శకుడు, ముప్పై ఏళ్ళు నిండనివాడు. మూతబడబోతున్న పల్లెటూరి బడిలో చివరిరోజు మాట్లాడే ముసలి పంతులు వేషం తెచ్చాడు. నాలుగు పేజీల మాట, ఒకే షాటు. డబ్బింగ్ లేదు, అక్కడ చెప్పిందే గొంతు. రిహార్సల్ కూడా వద్దు, మొదటిసారి నోట్లోంచి వచ్చిందే తనకు కావాలన్నాడు. ఫకీరప్ప మోకాళ్ళ సంగతి మొదలుపెట్టాడు. నీలవ్వ మంచం మీంచి ఎడమచెయ్యి చాచి నందీశ్ చేతిలో కాగితాలు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ఆయన అదాటున నోరు మూశాడు. షూటింగుకు పన్నెండు రోజులు ఉంది.

నందీశ్ వెళ్ళాక, తీసుకున్నావు సరే, చదివేదెవరని అడిగాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఎవరిచేతనైనా చదివించుకోమని దాని అర్థం. ఫోనులో రికార్డు చేసి పంపమంటే నందీశ్ సంతోషంగా పంపేవాడు. ఆ పని చేస్తే ఇంక నీలవ్వ నోరు విప్పాల్సిన అవసరమే ఈ లోకంలో ఉండదని ఫకీరప్పకు తెలుసు. అందుకని ఇంకో పని చేశాడు.

మర్నాడు పొద్దున ఆవిడ మంచం ఎదురుగా కూర్చుని కాగితాలు విప్పి తనే చదవడం మొదలుపెట్టాడు. అవి నిలువుగా ఉన్నాయో తలకిందులుగా ఉన్నాయో ఆయనకు తెలియదు.

"ఓరీ మూఢ బాలకులారా, ఈ బడి నా సామ్రాజ్యము, ఈ బెత్తము నా ఖడ్గము" అని పాత కంపెనీ ఫక్కీలో గొంతెత్తాడు. నీలవ్వ కళ్ళు పెద్దవి చేసి చూసి, మళ్ళీ మూసుకుంది. రెండోరోజు ఆ పంతులుకు ఇద్దరు రాణులు పుట్టుకొచ్చారు. మూడోరోజు అడవిలో ఆయనకూ హెడ్మాస్టరుకూ కత్తియుద్ధం మొదలైంది. హెడ్మాస్టరు పొడిపించుకుని పద్యం ఎత్తుకోబోతుండగా మంచం మీంచి శబ్దం వచ్చింది.

"త... త... తప్పు."

ఫకీరప్ప విన్నాడు. వినబడనట్టే పద్యం ఎత్తుకున్నాడు. ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది. కాగితాలు లాక్కుని తిరగేసి నిలువుగా పట్టుకుంది. కోపంతో మొహం ఎర్రబడింది.

"పి... ల్ల... లూ" అని చదివింది.

ఆ ఒక్కమాట దాటడానికి ఎంతసేపు పట్టిందో ఆయన లెక్కపెట్టలేదు. చేట దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. ఒక అక్షరం దగ్గర ఆవిడ ఆగేది, దాన్నే మూడుసార్లు తడిమేది, తర్వాత ఒక్క ఊపున రెండు మాటలు దొర్లేవి. పెదవి పక్కనుంచి చొంగ కారితే కళ్ళు తెరవకుండానే తువ్వాలు అందించేవాడు. తొందరపెట్టలేదు, సర్దలేదు, శభాష్ అనలేదు. మొదటిరోజు అర పేజీ అయింది. తొమ్మిదో రోజుకి నాలుగు పేజీలూ అయ్యాయి. ఆ చివరి రోజు ఆవిడ తనంతట తను, రొట్టె మాడిందని కూడా అంది. ఆయనకు ఆ మాడిన రొట్టె అమృతంలా ఉంది. కానీ ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం నోరు కుట్టేసుకున్నట్టు ఉండేది. మాటలన్నీ ఆయన ఒక్కడికే.

షూటింగు గదగ్ వైపు ఒక ఊళ్ళో. పాత బడి, వసారా నిండా ఊరిజనం, యూనిట్‌తో కలిసి ఎనభై మంది ఉంటారు. ఎప్పటిలాగే రెండో కుర్చీ వేశారు. నీలవ్వ కొంగు కుడిచెయ్యి మీదుగా కప్పుకుని కూర్చుంది, పలకరించినవాళ్ళకు తలాడించింది. ఫకీరప్ప కోటు తొడుక్కుని బల్ల ముందు నిలబడ్డాడు. నందీశ్ చెయ్యి ఊపాడు.

 మొదటి మాటకే నాలుక తట్టుకుంది.

"పి... ల్ల... లూ, ఈ బడిలో నేను ము... ము... ముప్పై రెం... డేళ్ళు..."

ఆ శబ్దం పలకడానికి నోరు దానంతటదే ఎడమవైపుకు లాక్కుపోయింది. ఆయన అలా చేయాలనుకోలేదు. చెవి విన్నది విన్నట్టు దాచుకుంది, ఇప్పుడు విన్నది విన్నట్టు బయటికి ఇస్తోంది. ప్రతి ఆగుడూ, ప్రతి తడుముడూ, నీలవ్వవి. ఇంట్లో ఏనాడూ పైకి అనుకోలేదు కాబట్టి ఆయనకే తెలియలేదు. జనం మంత్రం వేసినట్టు చూస్తున్నారు. ఒక ముసలమ్మ కళ్ళొత్తుకుంటోంది. నీలవ్వ జబ్బు సంగతి తెలిసిన మేకప్ మనిషి మాత్రం ఫకీరప్ప వంక చూసి, మెల్లగా తల తిప్పి కుర్చీ వంక చూశాడు.

ఫకీరప్ప ఆ చూపు పట్టుకున్నాడు. పసిపిల్ల నవ్వితేనే ఎనిమిది నెలలు మూగగా ఉన్న మనిషి. ఇప్పుడు తాళి కట్టినవాడే ఆమె అవిటి మాటను ఊరందరి ముందు ఆడి చూపిస్తున్నాడు.  మూడో పేజీ దాకా ఎలాగో ఈదుకొచ్చినవాడు అక్కడ ఆగిపోయాడు.

నందీశ్ పరుగున వచ్చాడు. "అద్భుతంగా ఉంది అప్పాజీ. ఆ ఆగడం ఎక్కడ పట్టుకున్నారో గానీ, అట్లే పోనీండి, కెమెరా ఆపలేదు."

"లేదు నాయనా. ఇట్ల చెప్పను. ఇంకో దినం ఇయ్యి, వేరే తీరుగా నేర్చుకొని వస్తా."

"ఎందుకప్పాజీ? ఇంతకంటే బాగ ఎట్లొస్తుంది?"

ఫకీరప్ప బల్ల పట్టుకున్నాడు. నలభై ఆరేళ్ళు దాచిన మాట. అది బయటపడితే తన పేరేమవుతుందో అని ఎన్నిసార్లు బెదిరి ఉంటాడో లెక్కలేదు. ఆ నిమిషంలో ఆ బెదురు ఎటుపోయిందో పోయింది. ఆమె ఏమనుకుంటుందన్న భయం ఒక్కటే మిగిలింది.

"నాకు చదువు రాదు. ఒక్క అక్షరం గూడా రాదు. నా వేషాలన్నీ ఆమె చదివింది, నేను విని చెప్పినా. ఇది గూడా ఆమె చదివిందే. ఆమెకు మాట పడిపోయింది, అయినా నా కోసరం చదివింది. ఆ కష్టాన్ని నేనిక్కడ నటన అని చూపించలేను. నన్ను క్షమించు."

 నందీశ్ చేతిలో కాగితాల వంక చూశాడు. ఫకీరప్పకు కుర్చీవైపు చూసే ధైర్యం చాలలేదు. తల వంచుకుని కోటు గుండీ విప్పడం మొదలుపెట్టాడు.

"మా... స్తరూ."

ఎనభై మందీ ఒక్కసారి తిరిగారు. నీలవ్వ ఎడమచేత్తో కుర్చీ చెయ్యి పట్టుకుంది. నోరు పక్కకు పోతోంది, పెదవి తడుస్తోంది, తుడుచుకోలేదు.

"గుం... డీ... పెట్టండి" అంది. అంతమందినీ ఒకసారి కలయజూసి, భయంతోనో పట్టుదలతోనో గట్టిగా ఊపిరి తీసుకుంది. "నేను... చది... వినట్లే... చెప్పండి."

ఆయన తల ఎత్తాడు. ఆవిడకు కాగితం అవసరం లేదు. ఆయన ఎక్కడ ఆగాడో ఆవిడకు తెలుసు. అందరికీ వినబడేలా, ఒక్కో అక్షరం లాక్కుంటూ, తర్వాతి మాట అందించింది.

"నాకు... వచ్చిం... దంతా... చెప్పినాను. ఇంక మీరు... చ... చ... చదవండి. నేను... విం... టాను."

ఫకీరప్ప గుండీ పెట్టుకున్నాడు. కళ్ళ నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా జనం వైపు తిరిగి, ఆవిడ ఆగిన చోటల్లా ఆగుతూ ఆ మాట చెప్పాడు.