తీగ కింది దారి

మెదక్‌లో ఆఫీసుల వీధిలో ఎలిశిబా ఇరవై ఏళ్లుగా దరఖాస్తులు రాస్తోంది. పదింటికి మడత బల్ల వేస్తుంది, నాలుగింటికి తీసేస్తుంది. భర్త మోసెస్ చనిపోయిన ఏడాది నుంచి, ఆమె మనసు పెట్టకుండా రాసిన మాటలు కాగితం మీద నిలవడం లేదు. సిరా ఆరగానే నల్ల నువ్వుల్లా బల్ల మీదికి రాలిపోతున్నాయి. ఊడ్చుకోవడానికి పక్క జిరాక్స్ చంద్రకాంత్ ఒక బ్రష్ ఇచ్చాడు. సగం ఖాళీ కాగితం ఎవరికి కావాలి? జనం కంప్యూటర్ సెంటర్లకు పోసాగారు. ఇక బల్ల ఎత్తేద్దామనుకుంది.

ఆ వారమే రేగోడ్ దిక్కు నుంచి ఆగమ్మ వచ్చింది. వాళ్ల చేను దారిలో కరెంటు తీగ కిందికి వేలాడుతోంది. రెండుసార్లు దరఖాస్తు పెట్టినా ఎవరూ రాలేదు.

ఎలిశిబా "మహారాజశ్రీ ఇంజనీరు గారి దివ్యసముఖమునకు" అని మొదలుపెట్టి పేజీ నింపింది. ఆగమ్మ పేరు, ఊరి పేరు తప్ప అన్నీ రాలిపోయాయి. మళ్లీ రాసింది. మళ్లీ అంతే.

"నాతోని అయితలేదవ్వా. చెయ్యి పాత మాటలే రాస్తున్నది," అంది.

"నువ్వు ఆ తీగను సూడకపోతివి. నన్నడుగు, చెప్త."

ఎలిశిబా పెన్ను కింద పెట్టింది. "ఎంత ఎత్తుల ఉన్నదవ్వా?"

"నా నెత్తి మీద జానెడు. మొన్న మా బర్రె తలెత్తి, తాకి సచ్చింది. నా మనుమరాలు శ్రేయ కండ్ల ముందటనే. రెండో తరగతి పిల్ల. గప్పటి సంది బడికి పోయేటప్పుడు ఆడికి రాంగనే వంగి ఉరుకుతది. దానికి వంగే పనే లేదు, గంత పొడుగు లేదు. అయినా వంగుతది."

ఎలిశిబా మళ్లీ పెన్ను అందుకుంది. ఆగమ్మ చెప్పింది చెప్పినట్టే నాలుగు వాక్యాలు రాసింది. ఇద్దరూ సిరా ఆరేదాకా కూచున్నారు. ఒక్క అక్షరమూ కదలలేదు.

"విషయం అని పైన రాయలే, గిదేం దరఖాస్తు," అన్నాడు కరెంటు ఆఫీసు గుమస్తా. అయినా లోపలికి పంపాడు. ఇంజనీరు నిలబడే చదివాడు. కాగితాన్ని ఫైల్లో పెట్టకుండా జేబులో పెట్టుకుని, జీపు తీయమన్నాడు.

శుక్రవారం రెండు కొత్త స్తంభాలు పాతి, తీగను పైకి లాగి కట్టారు. సోమవారం ముసురు పట్టింది. శ్రేయ తన తాత పెద్ద గొడుగును పూర్తిగా తెరిచి, ఆ తీగ కింద నెమ్మదిగా నడుచుకుంటూ బడికి పోయింది.