వెన్నునరం మీద వెలుగు

మైక్రోస్కోపును నేను. బడిపిల్లలు ఉల్లిపొర చూసే రకం కాదు. ఆపరేషన్ బల్ల పక్కన ఆరడుగుల ఎత్తున నిలబడి, వెంట్రుకంత నరాన్ని తాడంత చేసి డాక్టర్లకు చూపించేదాన్ని. గొప్పలు పోతున్నానంటారా? పోతాను.

పుట్టింది జర్మనీలో. నా అద్దాలను సానబట్టిన ముసలి పనివాడు ప్రతి అద్దాన్నీ కిటికీ వెలుగులో పెట్టి చూసి, నచ్చకపోతే మళ్లీ మొదలుపెట్టేవాడు. ఓడెక్కి వచ్చి హైదరాబాదులో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రి చేరాను. అక్కడ నాతో ఆపరేషన్లు చేసినదానికంటే నా పక్కన నిలబడి ఫొటోలు దిగిందే ఎక్కువ. తొమ్మిదేళ్లకు కొత్త మోడల్ రాగానే నన్ను వరంగల్ వైపు ఒక సర్కారు దవాఖానకు దానమిచ్చారు. అప్పుడూ ఫొటో దిగారు. ఇక్కడివాళ్లు దసరాకు నాకు పూజ చేసి, కుంకుమబొట్టు సరిగ్గా అద్దం మీదే పెట్టారు. న్యూరోసర్జన్ వకుళ అరగంట కూర్చుని తుడిచింది.

ఓ ఆగస్టు ఉదయం ఆర్టీసీ కండక్టర్ కొమురమ్మను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఏడాదిగా నడుమునొప్పి ఉన్నా మాత్రలతో నెట్టుకొస్తోందట. ఆ తెల్లవారుజామున బస్సెక్కబోతుంటే వీపులో కత్తి దిగినట్టయిందట. గంటలో కాళ్లు చచ్చుబడ్డాయి. మూత్రమూ ఆగిపోయింది. థియేటర్ తలుపు దగ్గరి మాటలు నాకు వినిపించాయి.

"డాక్టరమ్మా, గిల్లినా తెలుస్తలేదు. ఇవి నా కాళ్లేనా?"

"నీ వెన్నుల నరం మీద ఒక గడ్డ ఉంది, కొమురమ్మా. స్కాన్‌ల క్యాన్సర్ లెక్క లేదు. కానీ దాని లోపల రక్తం కారి, ఒక్కసారే ఉబ్బి, పక్క నరాల్ని ఒత్తుతున్నది."

"హైదరాబాద్ తీస్కపోమంటరా?" అన్నాడు భర్త మొగిలి.

"పొయ్యేసరికి టైం మించిపోతది. నేనే చేస్త."

"మళ్ల బస్సెక్కుతనా?" అని కొమురమ్మ అడిగింది.

వకుళ స్ట్రెచర్ మీదికి వంగింది. "మాట ఇయ్యలేను. ఇప్పుడు చేస్తే ఆశ ఉంది."

వెన్నెముక వెనకభాగం కొంత తొలిచి, లోపలి పొర కోయగానే నేను చూశాను. నేరేడుపండు రంగులో నిగనిగలాడుతూ బిగుసుకుపోయిన గడ్డ. దాని పక్కన నలిగిపోయి పాలిపోయిన నరాలు. వకుళ గడ్డకు చిన్న గాటు పెట్టింది. గడ్డకట్టిన నల్లటి రక్తం ఉబికివచ్చింది. దాన్ని పీల్చేసి, గడ్డను లోపలి నుంచి కొంచెం కొంచెంగా ఖాళీ చేస్తూ, కారుతున్న రక్తనాళాలను సన్నని కరెంటు పటకారుతో ఒక్కొక్కటే మూస్తూ పోయింది.

సరిగ్గా గడ్డను ఆఖరి నరం నుంచి విడదీసే సమయానికి నా బల్బు మాడిపోయింది. కోసిన చోటంతా చీకటి. వకుళ చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. "సలోమీ, రెండో బల్బు," అంది నెమ్మదిగా. సిస్టర్ సలోమి పక్కనున్న మీట తిప్పింది. ఆ క్షణంలో నేను ఎంత భయపడ్డానో ఎవరికీ తెలియదు. ఏళ్లుగా ఎవరూ వాడని బల్బది. వెలిగింది! గడ్డ మొత్తం బయటికొచ్చింది. అది పుట్టిన ఒక్క నరప్పోగు తప్ప మిగతావన్నీ తెగకుండా మిగిలాయి.

పరీక్షలో క్యాన్సర్ కాదనే తేలింది. నాలుగో రోజు కొమురమ్మ కుడికాలి బొటనవేలు కదిలిందని సలోమి థియేటర్‌లోకి పరుగెత్తుకొచ్చి చెప్పింది. తర్వాత నెలల తరబడి వ్యాయామాలు. కర్ర పట్టుకుని నడక, ఆ పైన కర్ర లేకుండా. ఎడమపాదం అంచున కాస్త తిమ్మిరి మాత్రం ఉండిపోయింది.

నిరుడు దవాఖానకు కొత్త మైక్రోస్కోపు వచ్చింది. వకుళ దగ్గరుండి నన్ను బయటికి తోయిస్తుంటే, ఆమెకు చూపించుకోవడానికొచ్చిన కొమురమ్మ వరండాలో ఎదురైంది. ఖాకీ చొక్కాలో ఉంది.

"మేడమ్, గీ మిషన్‌తోనేనా నాకు చేసింది? పాత సామాన్ల ఏస్తున్నరా?"

"లేదు. కాలేజీకి పంపుతున్న. కొత్త డాక్టర్లు దీని మీదనే చెయ్యి కుదుర్చుకుంటరు."

"గట్లయితే మెల్లగ పోనియ్యుండ్రి," అని కొమురమ్మ నా మీద చెయ్యేసి, వ్యాను దాకా నా పక్కనే నడిచింది. చక్రాలు గడపకు తగిలితే తోసేవాళ్లను గదమాయించింది. నన్ను లోపలికి ఎక్కించి తాళ్లు బిగించాక, వ్యాను తలుపు మీద రెండుసార్లు చరిచి గట్టిగా అరిచింది.

"రైట్, రైట్!"