కుళాయి జాలీలో మాటలు

శనివారం పొద్దున కాఫీ తాగాక కుళాయి మూతి జాలీ విప్పి వెనిగర్‌లో నానబెట్టడం అమెరికాలోని ఫాండులాక్ అనే ఊళ్లో ఇంటింటా ఉన్న పనే. ఆ ఊరి నీళ్లలో సున్నం ఎక్కువ. సింక్ దగ్గర నిలబడి అన్న మాటలు కూడా ఆ సున్నంతో పాటే జాలీలో పేరుకుంటాయి. వెనిగర్ తగిలితే ఒక్కొక్కటే కరిగి వినబడతాయి. అందుకే ఆ కాసేపు చుట్టాలను వరండాలో కూర్చోబెడతారు. కుళాయే మార్చేస్తున్నప్పుడైతే భార్యాభర్తలిద్దరూ జాలీ నానబెట్టి, కలిసి విని, ఆ తర్వాతే పారేయాలి.

అలాంటిది, హార్లన్ కొత్త కుళాయి తెచ్చి తిన్నగా సింక్ కిందికి దూరాడు. అతని భార్య వెర్నాకు అనుమానం వచ్చింది. రానిదెప్పుడు గనక! మొగుడికి పొలమారినా ఎవత్తె తలుచుకుందోనని ఆలోచించే మనిషి.

“వాషర్ మారిస్తే కారడం ఆగేదానికి కుళాయే మారుస్తావా?”

“పాతబడిందిలే.”

“మరి జాలీ నానబెట్టొద్దూ?”

“వద్దు వెర్నా. చెత్తలో పడేస్తా.”

చెత్తలో! అందులో ఏ ఆడదాని పేరుందో అనుకుంది వెర్నా. గబగబా జాలీ విప్పి, గిన్నెలో వేసి వెనిగర్ పోసింది.

బుడగలు లేచాయి. మొదట వచ్చింది ఆమె గొంతే. “ఎక్కడికెళ్లావు? ఎవరితో? అంతసేపు ఏం చేశావు? నిజం చెప్పు!” అన్నీ ఆ ఒక్క వారానివే. వెనిగర్ వాసన పడదని ఆమె ఏనాడూ ఈ పనికి రాలేదు. ప్రతి శనివారం హార్లనే ఇవన్నీ రెండోసారి వినేవాడు.

గిన్నె అడుగునుంచి అతని గొంతు సన్నగా పలికింది: “కారే కుళాయి వదిలేసి ఇల్లు దాటకూడదు. ఇది బిగించేసి అన్నయ్య దగ్గరికి వెళ్లిపోతా. ఇక నా వల్ల కాదు.”

సింక్ కింద పానా చప్పుడు ఆగింది. అతనూ విన్నాడు. వెర్నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ భయమేసింది.

హార్లన్ పాత కుళాయి ఊడదీసి, కొత్తది నిలబెట్టి, పైపులు కలపడానికి మళ్లీ కిందికి దూరాడు. కొత్త కుళాయి దగ్గర అన్న మొదటి మాట ఎంత నానబెట్టినా వదలదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. “ఎప్పుడు పోతున్నావు?” అన్నది వెర్నా గొంతుదాకా వచ్చింది. మింగేసింది. కుళాయి మీదికి వంగి, “ఉండిపో హార్లన్” అంది.

కింద హార్లన్ వాషర్ బిగించి, మళ్లీ విప్పాడు.

“ఈ వాషర్ సరిపోవట్లేదు, నీళ్లు కారతాయి,” అన్నాడు చివరికి. “సోమవారం షాపుకెళ్లి ఇంకోటి తెచ్చి వేస్తా.”

ఏ షాపుకని వెర్నా అడగలేదు.